జిల్లా పేజీల్లో మన ఊరి వాటా ఎంత?

పేపరు ఎందుకు వేయించుకుంటున్నారని అడిగితే, దేశం సంగతులు తెలియాలి కదా అంటారు. చేతికి రాగానే మాత్రం ముందు తిరగేసేది జిల్లా పేజీలే. టీకొట్టు బల్ల మీద చూడండి. మొదటి పేజీ మడత నలగకుండా ఉంటుంది, జిల్లా పేజీలు నాలుగు చేతులు మారి, టీ మరకలంటి, మధ్యలో చిరిగి ఉంటాయి. ఏ పేపరు బాగుంటుందన్న వాదన చాలాసార్లు ఏ పేపర్లో మన మండలం బాగా వస్తుందన్న వాదనే. అందుకే ఇక్కడ సమీక్షకు పెట్టింది ఫలానా పత్రికను కాదు, జిల్లా పేజీ అనే సరుకును. పైన పేరు ఏదున్నా అది తయారయ్యే పద్ధతి దాదాపు ఒకటే. పాఠకులు మెచ్చుకునేవీ తిట్టుకునేవీ కూడా ఊరూరా అవే.

ముందే తేల్చి చెప్పాలంటే, రేపు ఊళ్ళో ఏం జరగబోతోందో తెలుసుకోవడానికి జిల్లా పేజీని మించింది ఇప్పటికీ లేదు. నిన్న జరిగింది చెప్పడంలో ఫర్వాలేదనిపిస్తుంది. పోయిన నెల రాసిన సమస్య ఏమైందని అడిగితే మాత్రం చేతులెత్తేస్తుంది. దీనికీ, ఇంకా చాలా లోపాలకీ మూలం ఒక్కచోటే ఉంది. వార్త రాసే మనిషికి నెల జీతం లేదు.

ఈ పేజీలు ఎలా వచ్చాయి

1902లో బందరు నుంచి కృష్ణా పత్రిక, 1926లో హైదరాబాదు నుంచి గోలకొండ పత్రిక వచ్చాయి. అవి తమ ప్రాంతం గొంతు వినిపించాయి గానీ, ఫలానా వీధిలో కుళాయి రావడం లేదన్న వార్త వాటి పని కాదు. చాలాకాలం దినపత్రికలు రెండు మూడు పెద్ద ఊళ్ళలోనే అచ్చయి, రైళ్ళూ బస్సులూ పట్టుకుని జిల్లాలకు చేరేవి. 1974 ఆగస్టు 10న ఈనాడు విశాఖపట్నంలో మొదలైంది. తెల్లవారేసరికి పేపరు గుమ్మంలో పడాలన్న పట్టింపు అక్కణ్ణుంచి బలపడింది. 1989లో అదే పత్రిక మెయిన్ మడత మధ్యలో పెట్టి జిల్లాకొక టాబ్లాయిడ్, అంటే సగం సైజు పేపరు, ఇవ్వడం మొదలుపెట్టాక మిగతావాళ్ళకీ ఆ దారి పట్టక తప్పలేదు. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో వచ్చింది. జిల్లా పేజీ లేకుండా తెలుగులో పెద్ద పేపరు నడపడం కుదరదని అప్పటికే అందరికీ అర్థమైపోయింది.

ఈ పేజీల సత్తా ఏమిటో తెలియాలంటే నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఎగసిన సారా వ్యతిరేక ఉద్యమం చూడాలి. ఈనాడు ‘సారాపై సమరం’ పేరుతో పేజీ కేటాయించి ఊరూరి వార్తలూ వేసింది. పక్క మండలంలో ఆడవాళ్ళు సారా ప్యాకెట్లు తగలబెట్టారని చదివిన ఊళ్ళో మర్నాడు అదే జరిగింది. 1993 అక్టోబరులో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వార్తలు మోసుకొచ్చింది మండల విలేకరులే.

2020 లాక్‌డౌన్‌తో బొమ్మ మారింది. ప్రకటనలు పడిపోయాయి, పేజీలు తగ్గాయి. చాలాచోట్ల విడి టాబ్లాయిడ్ పోయి, మెయిన్‌లోనే కొన్ని పెద్ద పేజీలుగా జిల్లా వార్తలు కలిసిపోయాయి. పాత పాఠకులు ఇప్పటికీ గొణిగేది దీని మీదే. మినీ, అంటే ఆ టాబ్లాయిడ్, ఉన్నప్పుడు ఇంట్లో ఒకరు మెయిన్, ఒకరు మినీ పంచుకుని చదివేవాళ్ళు. ఇప్పుడు ఒకరు ముగించేదాకా ఇంకొకరు ఆగాలి. చిన్న ఫిర్యాదులా కనిపిస్తుంది గానీ, ఇంటిల్లిపాదీ పేపరు చదివే అలవాటు సడలడంలో దీని పాత్ర తక్కువేమీ కాదు.

డబ్బులు గిట్టేది ఇక్కడ

‘నేడు విద్యుత్తు సరఫరా ఉండదు’ అన్న నాలుగు లైన్ల వార్తకున్న గిరాకీ ముఖ్యమంత్రి ప్రసంగానికి లేదు. పిండిమిల్లు వాడు, జిరాక్స్ షాపు వాడు, మోటారు వేసి ట్యాంకు నింపుకోవాల్సిన ఇల్లాలు, అందరూ దాని కోసమే చూస్తారు. అయితే విద్యుత్తు శాఖ పంపిన ప్రకటనలో 11 కేవీ ఫీడరు, అంటే ఆ ప్రాంతానికి కరెంటిచ్చే లైను, పేరే ఉంటుంది. విలేకరి దాన్ని అలాగే దింపేస్తాడు. ఆ ఫీడరు కింద ఏయే వీధులున్నాయో జనానికి తెలియదు. మంచి జిల్లా పేజీ ఫీడరు పేరుతో పాటు వీధుల పేర్లూ ఇస్తుంది. అది ఇవ్వకపోతే లైన్‌మన్‌ని అడిగి మన ఇల్లు ఏ ఫీడరు కిందకొస్తుందో ఒక్కసారి తెలుసుకుంటే ఇక ఎప్పటికీ పనికొస్తుంది.

జలాశయాల నీటిమట్టం పట్టికది ఇంకో కథ. కృష్ణా ఆయకట్టులో నారు పోయాలా వద్దా అన్నది ఈ పట్టిక చూసి ఆలోచించే రైతులున్నారు. శ్రీశైలం పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు, నిల్వ 215 టీఎంసీల పైచిలుకు. నాగార్జునసాగర్‌ది 590 అడుగులు, 312 టీఎంసీలు. డ్యాము నిండే దశలో శ్రీశైలంలో ఒక్క అడుగు తేడా అంటే ఐదు టీఎంసీలకు పైగా తేడా. పట్టికలో ఒక అంకె తారుమారైతే ఎంత పొరపాటో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో క్యూసెక్కుల్లో ఇస్తారు గానీ, ఎన్ని గంటలకు తీసిన లెక్కో చాలా పేపర్లు రాయవు. వరద రోజుల్లో ఉదయం ఆరింటి లెక్కకీ సాయంత్రం ఆరింటి లెక్కకీ పొంతనే ఉండదు. సమయం వేసిన పట్టిక కనిపిస్తే వార్తలు దిద్ది పేజీలు కట్టే ఆ డెస్కులో పని తెలిసినవాళ్ళున్నారని అర్థం.

మార్కెట్ ధరల్లో మాత్రం రైతులు జిల్లా పేజీని తిట్టుకోవడంలో న్యాయం ఉంది. గుంటూరు మిర్చి యార్డుకి ఎన్ని టిక్కీలు (బస్తాలు) వచ్చాయి, తేజ రకం ఎంత పలికింది, బాడిగ రకం ఎంత పలికింది అని రోజూ వస్తుంది. హెడ్డింగ్‌లోకి ఎక్కేది గరిష్ఠ ధర. ఆ ధర ఎర్రగా, ఎండుగా, తాలు లేకుండా ఉన్న కొద్దిపాటి లాట్లకే పడుతుంది. తేమ ఉన్న సరుకు, రంగు తగ్గిన సరుకు, రెండో కోత, మూడో కోత కాయ అంతకంటే ఎంతో కిందికి పోతుంది. హెడ్డింగ్ చూసి లారీ కట్టుకుని వెళ్ళిన రైతు యార్డులో కమీషన్ వ్యాపారిని అనుమానిస్తాడు. చూడాల్సింది ఎక్కువ సరుకు అమ్ముడైన ధర, అంటే మోడల్ ధర. గరిష్ఠం, కనిష్ఠం, మోడల్ మూడూ ఇచ్చే పేజీ రైతుకు పనికొచ్చే పేజీ. గరిష్ఠం ఒక్కటే ఇచ్చేది పనికిరాకపోగా నష్టం కూడా.

అన్నిటికంటే విలువైనది ఎవరూ చదవని చిన్నక్షరాల ప్రకటనలు. 2013 భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ ఆ ప్రాంతంలో చలామణిలో ఉన్న రెండు దినపత్రికల్లో రావాలి, అందులో ఒకటి ప్రాంతీయ భాషలో ఉండాలి. అభ్యంతరం చెప్పడానికి గడువు 60 రోజులు. అప్పు కట్టని ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకుంటే ఏడు రోజుల్లోపు రెండు ప్రముఖ పత్రికల్లో ప్రకటన వేయాలి, ఒకటి స్థానిక భాషలో. ఫ్యాక్టరీకో గనికో పర్యావరణ అనుమతి కోసం ప్రజాభిప్రాయ సేకరణ పెడితే కనీసం 30 రోజుల ముందు పేపర్లో పడాలి. స్థలం కొనబోయేవాళ్ళు సర్వే నంబరు, హద్దులు పట్టుకుని ఈ ప్రకటనలు చూస్తే తర్వాత కోర్టు మెట్లు ఎక్కాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

ఇక్కడ జనం కోపమేమిటంటే, ఇలాంటి ప్రకటన కొన్నిసార్లు ఆ ఊళ్ళో ఒక్క ఇంటికీ రాని పత్రికలో వేస్తారు. లేదా పెద్ద పేపర్లోనే వేసినా వేరే జిల్లా ఎడిషన్లో వేసి ఊరుకుంటారు. కాగితం మీద చట్టం అమలైపోయినట్టే. అభ్యంతరం చెప్పేటప్పుడు ‘మాకు తెలియలేదు’ అని రాస్తే సరిపోదు. ఆ తేదీన మన మండలానికి వచ్చే ఎడిషన్‌లో ఆ ప్రకటన లేదని పేజీ ప్రతితో సహా చూపించాలి.

అన్నారు, పేర్కొన్నారు, తెలిపారు

ఇక తిట్ల దగ్గరికి వద్దాం. జిల్లా పేజీలో సగం వార్తలు సభలూ సమావేశాలూ ప్రారంభోత్సవాలే. ఒక ప్రజాప్రతినిధి అన్నారు, ఇంకొకరు పేర్కొన్నారు, అధికారి తెలిపారు. ఇవి వార్తలు కావని రాసేవాడికీ తెలుసు, వేసేవాడికీ తెలుసు. ఎందుకు వస్తున్నాయో తెలియాలంటే చివరి పేరా చదవాలి. ‘కార్యక్రమంలో ఫలానా ఫలానా తదితరులు పాల్గొన్నారు’ అన్న ఆ వాక్యం కోసమే పైనున్నదంతా. పేర్లున్న పదిమందీ మర్నాడు తలా ఒక పేపరు కొంటారు, క్లిప్పింగ్ వాట్సాప్‌లో పెట్టుకుంటారు, పండక్కి శుభాకాంక్షల ప్రకటన ఇస్తారు.

ఆ ప్రకటన తెచ్చేది ఎవరు? వార్త రాసిన విలేకరే. మండల స్థాయిలో రాసేవాళ్ళలో చాలామంది కంట్రిబ్యూటర్లు. అచ్చయిన వార్త పొడవును బట్టి వచ్చే సొమ్మును లైన్ అకౌంట్ అంటారు. నెలంతా తిరిగితే అది పెట్రోలు ఖర్చుకు చాలీచాలకుండా వస్తుంది. అసలు ఆదాయం ప్రకటనల మీద కమీషన్. జనవరి 26, ఉగాది, ఆగస్టు 15, దసరా, పత్రిక వార్షికోత్సవం వచ్చాయంటే టార్గెట్ వస్తుంది. సర్పంచులు, ప్రైవేటు స్కూళ్ళు, ఎరువుల షాపులు, రియల్ ఎస్టేట్ వాళ్ళు ప్రకటన ఇవ్వాలి. పోయిన ఆగస్టులో ప్రకటన ఇచ్చిన స్కూలు బస్సుకి ఫిట్‌నెస్ లేదని ఈ నెలలో రాయడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. రాసినా రెండో వార్త రాదు. మొదటి వార్త రాశాక ఫోన్లు వస్తాయి, మాటలు జరుగుతాయి, విషయం అక్కడే ఆగుతుంది. ఫాలోఅప్ రాకపోవడానికి బద్ధకం కారణం కాదు, లెక్క కారణం.

అలాగని కంట్రిబ్యూటర్లందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. రాత్రి రోడ్డు ప్రమాదం జరిగితే సొంత బండి మీద వెళ్ళి ఫొటో తీసేదీ, తుపాను రోజున చెరువు గట్టు మీద నిలబడేదీ వాళ్ళే. ఉదయం స్కూల్లో పాఠం చెప్పి, సాయంత్రం వార్తలు పంపేవాళ్ళూ ఉన్నారు. జిల్లా పేజీలో ఏది స్టాఫ్ రిపోర్టరుది, ఏది కంట్రిబ్యూటరుది అని తెలుసుకోవాలంటే వార్త మొదట్లో ఊరి పేరుండే డేట్‌లైన్ చూస్తే చాలు. ఈనాడులో ‘ఈనాడు, గుంటూరు’ అని ఉంటే సిబ్బంది రాసింది, ‘న్యూస్‌టుడే, తెనాలి’ అని ఉంటే కంట్రిబ్యూటర్ పంపింది. మిగతా పత్రికలకూ ఇలాంటి గుర్తులుంటాయి, నాలుగు రోజులు గమనిస్తే పట్టుబడతాయి.

ఎన్నికలప్పుడు ఈ జబ్బు ముదురుతుంది. 2009 ఎన్నికల తర్వాత చెల్లింపు వార్తల (డబ్బిచ్చి వేయించుకునే వార్తల) మీద, పత్రికల తీరు చూసే ప్రెస్ కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు తెలుగు జర్నలిస్టు కె.శ్రీనివాస్ రెడ్డి. 2010లో కౌన్సిల్ నివేదిక ఇచ్చింది. జిల్లా పేజీలో అలాంటి వార్తను పోల్చుకోవడం పెద్ద విద్య కాదు. ఒకే అభ్యర్థి మీద ఒకే రకం వాక్యాలు రెండు పేపర్లలో అచ్చు గుద్దినట్టు రావడం, ‘బ్రహ్మరథం’, ‘నీరాజనం’ లాంటి మాటలు హెడ్డింగ్‌లో పడటం, ప్రత్యర్థి ఊసే లేకపోవడం, రాసినవాళ్ళ పేరు లేకపోవడం. జిల్లా స్థాయిలో ఎన్నికల సంఘం మీడియా సర్టిఫికేషన్, మానిటరింగ్ కమిటీ ఉంటుంది. క్లిప్పింగ్‌తో పాటు తేదీ, ఎడిషన్ రాసి అక్కడ ఇవ్వొచ్చు.

పక్క ఊరి వార్త మనకెందుకు రాదు

అదే పేపరు, అదే జిల్లా. ముప్పై కిలోమీటర్ల అవతల బంధువుల ఇంట్లో చూసిన పేజీ మన ఇంటి పేపర్లో ఉండదు. కారణం జోన్ పేజీ. జిల్లా ఎడిషన్ లోపలే ఒకటి రెండు పేజీలు ప్రాంతాన్ని బట్టి మార్చి అచ్చేస్తారు. దీనివల్ల మన మండలానికి చోటు దొరుకుతుంది, నిజమే. కానీ కాలువ పై మండలంలో గండి పడిందన్న వార్త కింది మండలం పేజీలో రాదు. నీళ్ళు ఆగిపోయేది మాత్రం కింది మండలానికే.

జిల్లాల పునర్విభజనతో ఈ బాధ పెరిగింది. తెలంగాణలో 2016 అక్టోబరులో 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 కాస్తా 26 అయ్యాయి. హుస్నాబాద్ కరీంనగర్ నుంచి సిద్దిపేటకు మారింది, కందుకూరు అప్పట్లో ప్రకాశం నుంచి నెల్లూరుకు వెళ్ళింది. కలెక్టరేట్ మారినంత తేలిగ్గా బంధుత్వాలు, కాలేజీలు, ఆసుపత్రులు, మార్కెట్లు మారవు. ఇలాంటి సరిహద్దు మండలాల్లో పాఠకులు ఒకటే అడుగుతారు, పాత జిల్లా పేజీ కూడా ఒకటి వేయండి అని. డెస్కుల్లో దానికి చోటు లేదు. ఏజెంటుకి వచ్చే కట్ట ఏ ఎడిషన్‌దైతే అదే గుమ్మంలో పడుతుంది. వేరే జిల్లా పేజీ కావాలంటే ఈ-పేపరే గతి.

ఇంకో చిక్కు అచ్చు సమయం. ప్రింటింగ్ యూనిట్‌కి దూరంగా ఉన్న ఊళ్ళకి వెళ్ళే కాపీలు ముందు అచ్చవుతాయి. రాత్రి పొద్దుపోయాక జరిగిన ప్రమాదం జిల్లా కేంద్రంలోని పాఠకుడికి తెల్లవారేసరికి తెలుస్తుంది, ప్రమాదం జరిగిన మారుమూల మండలానికి మాత్రం మర్నాటి పేపర్లో వస్తుంది. వార్త వేయలేదని విలేకరిని తిట్టేముందు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

నేర వార్తలు

వీటికి పాఠకులు ఎక్కువ, అభ్యంతరాలు చెప్పేవాళ్ళు తక్కువ. నిజానికి గట్టిగా అభ్యంతరం చెప్పాల్సింది ఇక్కడే. లైంగిక నేరాల్లో బాధితురాలి పేరు వేయకూడదని అందరికీ తెలుసు, వేయరు కూడా. కానీ ఊరి పేరు, తరగతి, తండ్రి చేసే పని, అమ్మమ్మగారి ఊరు అన్నీ వేస్తారు. వెయ్యి గడప ఉన్న ఊళ్ళో ఆ నాలుగు ముక్కలు చాలు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టంలో నిషేధించింది పేరును మాత్రమే కాదు, గుర్తుపట్టే వీలిచ్చే ఏ వివరాన్నైనా. జిల్లా పేజీల డెస్కులు ఈ తేడాను ఇప్పటికీ పూర్తిగా పట్టించుకోవడం లేదు.

ఆత్మహత్యల వార్తలదీ అదే వరస. ‘కడుపునొప్పి తాళలేక’ అన్న మాట ఎన్నేళ్ళుగానో అచ్చు దిమ్మలా వాడుతున్నారు. పోలీసులు రాసుకున్న కారణాన్ని ప్రశ్నించకుండా దింపేయడం, ఏ పద్ధతిలో చనిపోయారో వర్ణించడం మామూలైపోయింది. పద్ధతి వివరించవద్దని, సంచలనంగా వేయవద్దని 2019లో ప్రెస్ కౌన్సిల్ మార్గదర్శకాలు స్వీకరించింది. పాటించే పేజీకి, పాటించని పేజీకి తేడా ఒక్క వారం చదివితే తెలిసిపోతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఏ పేపరు వేయించుకోవాలన్నదానికి ఇదొక్కటే కొలత చాలు.

వార్త ఇవ్వాలన్నా, తప్పు దిద్దించాలన్నా

కాలనీ సంఘమో, గ్రంథాలయమో, స్కూలు పూర్వవిద్యార్థులో ఏదైనా కార్యక్రమం చేస్తే వార్త రాలేదని అలుగుతారు. చాలాసార్లు లోపం పంపడంలోనే ఉంటుంది. సాయంత్రం ఐదు దాటితే పేజీల్లో చోటు నిండిపోతూ ఉంటుంది, కాబట్టి అంతకుముందే చేరాలి. వంద, నూటయాభై మాటలు మించకూడదు. మొదటి వాక్యంలోనే ఏం జరిగింది, ఎక్కడ, ఎప్పుడు అన్నది రావాలి. అతిథుల గొప్పతనం కాదు. ఫొటో అడ్డంగా తీయాలి, ఒక్కటే పంపాలి, వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత తగ్గుతుంది గనక డాక్యుమెంట్‌గా పంపాలి. ఫొటోలో ఉన్నవాళ్ళ పేర్లు ఎడమ నుంచి వరుసగా రాయాలి. ఫొటోల కింద పేర్లు తారుమారవడానికి ముఖ్య కారణం ఆ వరుస పంపకపోవడమే. ఇంటిపేరు, పొడి అక్షరాలు సరిచూసి పంపండి. డెస్కులో కూర్చున్న సబ్ ఎడిటర్‌కి మీ ఊళ్ళో ఎవరు సత్యనారాయణ, ఎవరు సత్యనారాయణమూర్తి అన్నది తెలిసే అవకాశం లేదు.

తప్పు వార్త వస్తే ఫోన్ చేసి గొడవపడటం వల్ల వచ్చేది లేదు. తేదీ, ఎడిషన్, పేజీ నంబరు, హెడ్డింగ్ రాసి, తప్పు వాక్యం ఉన్నదున్నట్టు పెట్టి, దాని కింద సరైనది రాసి, ఆధారం జతచేసి, ఎడిటర్ పేరు మీద స్పీడ్ పోస్టులో పంపాలి. చిరునామా చివరి పేజీ అడుగున ఇంప్రింట్ లైన్లో, అంటే ప్రచురణకర్త, ఎడిటర్ పేర్లుండే లైన్లో, ఉంటుంది. ‘సవరణ’ వస్తే లోపలి పేజీలో, మూల మీద, నాలుగు లైన్లు వస్తుంది. పెద్ద హెడ్డింగ్‌తో పోయిన పరువుకి చిన్నక్షరాల సవరణ చాలదని జనం అనేది నిజమే.

అదీ రాకపోతే ప్రెస్ కౌన్సిల్. దినపత్రికలకు, వారపత్రికలకు వార్త వచ్చిన రెండు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. ముందు ఎడిటర్‌కి రాసిన ఉత్తరం నకలు ఉండాలి, అసలు క్లిప్పింగ్ ఉండాలి, తెలుగు వార్తకి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి, ఈ విషయం మీద కోర్టులో కేసు నడవడం లేదని రాసివ్వాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేయలేదు. ఇది తెలిసే చాలా డెస్కులు ధీమాగా ఉంటాయి.

చిన్న పత్రికలు, యాప్‌లు

జిల్లా కేంద్రాల నుంచి వచ్చే వార, పక్షపత్రికల మీద జనంలో చులకన ఉంది. నాయకుల పుట్టినరోజులకే బయటికొస్తాయని, నోటీసుల కోసమే బతుకుతాయని అంటారు. చాలావాటి విషయంలో అది నిజం కూడా. కానీ నెల్లూరులో జమీన్ రైతు లాంటి వారపత్రిక దశాబ్దాల తరబడి తన పాఠకుల్ని నిలబెట్టుకుంది. 2001లో చిత్తూరు జిల్లాలో స్వయంసహాయక సంఘాల మహిళలే విలేకరులుగా నవోదయం తెచ్చారు. పెద్ద పేపరు పట్టించుకోని పల్లె ఆడవాళ్ళ సంగతులు అందులోకి ఎక్కాయి. చిన్న పత్రికను తూచాలంటే మూడు వరుస సంచికలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఒక సమస్య రెండో సంచికలో కూడా కొనసాగితే అది పత్రిక. ఎవరి మీద రాశారో వాళ్ళ ప్రకటనే మూడో సంచికలో కనిపిస్తే దానికి వేరే పేరుంది.

వే2న్యూస్, లోకల్ లాంటి యాప్‌లు వేగంలో పేపర్ని కొట్టేశాయి. బస్టాండ్ దగ్గర గొడవ పది నిమిషాల్లో ఫోన్లోకి వస్తుంది. ఎవరు రాశారు, ఎవరు చూసి పంపారు అన్నది తెలియకపోవడం వాటి బలహీనత. జిల్లా పేజీకి సబ్ ఎడిటర్ కళ్ళజోడు ఒకటి అడ్డముంటుంది, అదే దాని మీద ఇంకా మిగిలిన నమ్మకం.

ఏది వేయించుకోవాలి

పేరు చూసి కాదు, పది రోజుల పేజీలు చూసి తేల్చుకోవాలి. రెండు పేపర్ల జిల్లా పేజీలు పక్కపక్కన పెట్టి, మన మండలం డేట్‌లైన్ ఉన్న వార్తలు లెక్కపెట్టండి. అందులో ‘పాల్గొన్నారు’తో ముగిసేవి కొట్టేయండి. మిగిలినవాటిలో ఎన్నింట్లో అధికారి వివరణతో పాటు బాధితుల మాట కూడా ఉందో చూడండి. కరెంటు కోత, నీటి సరఫరా సంగతులు ముందే వచ్చాయో లేదో, మార్కెట్ ధర రోజూ వస్తోందో లేదో చూడండి. రాజకీయం విషయంలో ఏ పేపరు ఎటువైపో ఇంటింటికీ తెలిసిందే. అందుకే చాలా ఇళ్ళలో రాజకీయానికి ఒకటి, ఊరి వార్తలకి ఒకటి చదివే పద్ధతి ఉంది. రెండూ కొనలేకపోతే ఒకటి ఇంటికి వేయించుకుని, రెండోది గ్రంథాలయంలోనో ఈ-పేపర్లోనో చూసుకోవడం మేలు.

ఈ-పేపరు తెరిచేటప్పుడు జిల్లా పేరు ఒక్కటే ఎంచుకుంటే సరిపోదు, మన ప్రాంతం జోన్ పేజీ విడిగా ఉందేమో చూడాలి. పాత తేదీలు ఎప్పటికీ దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకూడదు. పనికొచ్చే వార్త లేదా నోటీసు కనబడిన రోజే, పేజీ నెత్తిన తేదీ, ఎడిషన్ పేరు, పేజీ నంబరు కనిపించేలా మొత్తం పేజీని దాచుకోండి. వార్త మేరకు కత్తిరించిన ముక్కను మార్చి అచ్చు క్లిప్పింగ్‌లాగే తయారుచేసి గ్రూపుల్లో తిప్పేవాళ్ళు ఎక్కువయ్యారు గనక, తహసీల్దారు ఆఫీసులో గానీ కోర్టులో గానీ ఆ ముక్కకి విలువ ఉండదు.